ఒత్తు దగ్గర ఆగింది

చెరకు ఫ్యాక్టరీ మొత్తంలో ఏసీ ఉన్న గది ఒక్కటే, కంప్యూటర్ గది. జనరల్ మేనేజర్ గదిలో కూడా ఫ్యానే తిరిగేది. అందుకని ఎండాకాలంలో పెద్దపెద్దవాళ్ళంతా చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, చల్లగా కాసేపు నిలబడి, "ఎంతవరకు వచ్చిందమ్మా?" అని అడిగి పోవడం అలవాటు చేసుకున్నారు. కార్తీకం వచ్చి చలి మొదలైనా ఆ అలవాటు పోలేదు. వాళ్ళకు జవాబు చెప్పీ చెప్పీ నఫీసాకు విసుగెత్తింది.

అది ఎనభై తొమ్మిదో సంవత్సరం. నఫీసాకు ఇరవై నాలుగేళ్ళు. జహీరాబాద్ పిల్లే. హైదరాబాద్‌లో మేనత్త ఇంట్లో ఉండి కంప్యూటర్ డిప్లొమా చేసి, ఈ ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది నిండలేదు. అంటే ఉద్యోగం ఖాయం కాలేదు, ప్రొబేషన్ నడుస్తోంది.

ఆమెకు అప్పగించిన పని వినడానికి చిన్నదే. చెరకు రైతుల పేర్లన్నీ పాత మిషన్‌లో ఉన్నాయి. వాటిని కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒక్కో రైతు పేరున తెలుగులో పర్మిట్ అచ్చు వేయాలి. ఆ పర్మిట్ చూపిస్తేనే చెరకు బండిని గేటు దాటనిస్తారు. అచ్చుతో పాటే పేర్ల పట్టీ ఒకటి గేటుకు పోతుంది. పట్టీలో పేరు లేని బండి ఎక్కడిదక్కడే ఆగుతుంది.

చిక్కు ఎక్కడంటే, కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. పాత మిషన్ చేసిన కంపెనీవాళ్ళు 'క'కు ఒక అంకె, 'ఖ'కు ఒక అంకె తమకు తోచినట్టు పెట్టుకున్నారు. కొత్త కంప్యూటర్‌లో అవే అక్షరాలకు వేరే అంకెలు. ఈ అంకెను ఆ అంకెగా మార్చుకుంటూ పోయే ప్రోగ్రాం నఫీసా రాసింది. గుణింతాల దాకా బాగానే నడిచింది. ఒత్తుల దగ్గరికి వచ్చేసరికి బండి మొరాయించింది. పాత కంపెనీవాళ్ళకు అంకెలు చాలక, కొన్ని ఒత్తులను కలిపి ఒకే అంకె కింద కుక్కేశారు. ఏది ఏ ఒత్తో తేల్చే గుర్తు ఆ మిషన్ లోపలే ఎక్కడో ఉండేదట. మిషన్ చెడిపోయింది, కంపెనీ మూతపడింది. చేతికి మిగిలిన ఫ్లాపీల్లో ఉన్నది ఒట్టి అంకెలే.

అలాంటి అంకె ఎదురైనప్పుడు ఏం చేయాలన్నది ప్రోగ్రాం రాసేవాళ్ళ ఇష్టం. దాటేసి పోవచ్చు. తోచిన అక్షరం పెట్టేయవచ్చు. లేదంటే ఆగిపోవచ్చు. నఫీసా ఆగిపొమ్మని రాసింది.

"మళ్ళ ఆగిందా?" అన్నాడు జగన్‌మోహన్. కంప్యూటర్ సెక్షన్‌కు ఆయనే పెద్ద. బోర్డు మెంబర్ల చుట్టూ రెండేళ్ళు తిరిగి, ఒప్పించి, ఈ కంప్యూటర్ కొనిపించినవాడు ఆయనే. సోమవారం నాడు గానుగ మొదలు, ఆ ఏటి చెరకు ఆడడం ఆ రోజు నుంచే. ఆ రోజు చైర్మన్ చేతుల మీదుగా తెలుగు పర్మిట్లు పంచుతామని ఊరంతా చెప్పుకున్నాడు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా జేబురుమాలు తీసి మెడ తుడుచుకుంటున్నాడు.

"ఆగింది సార్," అంది నఫీసా. తెర మీద ఒక పేరు, మధ్యలో ఒక ఖాళీ. 'బస్', తర్వాత ఏదో తెలియని ఒత్తు, తర్వాత 'మ్మ'. ఊరు రాయికోడ్ పక్కన.

"బస్వమ్మనే కదా ఇది. చూస్తెనే తెలుస్తలేదా?"

"బస్యమ్మ కూడ కావచ్చు సార్. ఆ దిక్కు రెండు తీర్ల పిలుస్తరు. ఇదే అంకె ఒకతాన 'వ' ఒత్తు, ఒకతాన 'య' ఒత్తు. ఇంకోతాన ఏందో నాకే తెల్వది."

"తెల్వనియి ఇడిసిపెట్టు. తెల్సినయి కొట్టు. ఆగకుండ చివరిదాక పోవాలె, గంతే."

"ఇడిసిపెడితే పేరుల ఒత్తు ఒక్కటే పోదు సార్, మనిషే పోతది. పట్టీల ఉండది. గేటు కాడ ఏమంటరు ఆమెను?"

"గేటు కాడ సంగతి గేటోళ్ళు చూస్కుంటరు."

"నాకు జీపు ఇయ్యిండ్రి సార్, ఊర్లు తిరిగి అడుగుత. వాళ్ళ పేరు వాళ్ళకు తెల్వదా? వారం రోజులల్ల అయిపోతది."

జగన్‌మోహన్ ఆమె వైపు చూసి నీరసంగా నవ్వాడు. "సోమవారం చైర్మన్ వస్తుండమ్మా. ఊర్లు తిరుగుతున్నం, పేర్లు అడుగుతున్నం అని చెప్పాల్నా ఆయనకు? ఇంత పెద్ద కంప్యూటర్ కొనిపిచ్చి?"

నఫీసా మాట మార్చలేదు. "ఆగమన్న లైన్లు నేను తియ్యను సార్," అని టిఫిన్ డబ్బా పట్టుకుని క్యాంటీన్‌కు పోయింది.

తిరిగి వచ్చేసరికి ప్రింటర్ గరగరా నడుస్తోంది. జగన్‌మోహన్ ఆమె కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయనకూ ప్రోగ్రాం చదవడం వచ్చు. ఆగమన్న చోట, ఆ మనిషిని వదిలేసి తర్వాతి మనిషికి పొమ్మని మార్చేశాడు. కాగితాలు మడతలు మడతలుగా నేల మీదికి జారుతున్నాయి. ప్యూన్లు వాటిని చింపి కట్టలు కడుతున్నారు. అన్నీ అయ్యాక తెర మీద చివరి వాక్యం వచ్చింది: "తప్పులు లేవు."

ఆ వాక్యం నఫీసా రాసిందే. ఎక్కడా ఆగకుండా పోతే అలా చెప్పమని ఆమే రాసింది.

సోమవారం నాడు ఆ గదిలో కాలు పెట్టే చోటు లేదు. చైర్మన్ వచ్చాడు, ఫోటోలు తీశారు, దూద్ పేడాలు పంచారు. నఫీసా చేతికీ ఒక పేడా వచ్చింది. ఆమె దాన్ని కాగితంలో పెట్టి మేజాబల్ల మీద ఉంచింది. పాత పేర్లు ఎన్ని లోపలికి పోయాయో, కొత్త పేర్లు ఎన్ని బయటికి వచ్చాయో పొద్దున్నే సరిచూసుకుని ఉంది.

"సార్," అంది జనరల్ మేనేజర్‌తో, అందరూ ఉండగానే. "ఈ పట్టీల నాలుగు వందల పైన మంది లేరు."

"తప్పులు లేవని వచ్చింది కదమ్మా తెర మీద," అన్నాడు ఆయన పేడా నములుతూ.

"ఆ మాట నేను రాసిందే సార్. ఇప్పుడది అబద్ధం చెప్తుంది."

జగన్‌మోహన్ పెద్దగా నవ్వి, "చిన్న చిన్నయి ఉంటయ్ సార్, తర్వాత చూస్తం," అని చైర్మన్‌ను గానుగ వైపు నడిపించుకుపోయాడు. తలుపు దగ్గర వెనక్కి తిరిగి, ఆమెకు మాత్రమే వినబడేట్టు అన్నాడు: "నువ్వు ప్రొబేషన్‌ల ఉన్నవు. జర యాదికుంచుకో."

ఇంట్లో తల్లి హబీబున్నీసాకు ఈ సంగతి చెబితే ఆమె తల పట్టుకుంది. "అంతమంది ముంగట ఆఫీసర్‌కు ఎదురు మాట్లాడితివా బేటీ? చెవుల చెప్తే కాకపోవునా?"

"చెవుల చెప్పిన అమ్మీ. మూడుసార్లు చెప్పిన."

వారం తిరగకముందే గేటు దగ్గర గొడవ మొదలైంది.

బస్వమ్మ రాయికోడ్ దిక్కునుంచి చెరకు బండి తోలుకుని వచ్చింది. యాభై దాటిన మనిషి. మగడు పోయి చాలా ఏళ్ళయింది, సేద్యం తనే చేసుకుంటుంది. ఊళ్ళో చేలన్నీ వరసగా కొడుతూ వచ్చిన కూలీల ముఠా ఆమె చేను కూడా కొట్టి పోయింది. పర్మిట్ రాలేదేమని ఊళ్ళకు వచ్చే ఫ్యాక్టరీ ఫీల్డ్‌మన్‌ను అడిగితే, గేటు దగ్గర ఇస్తారు పొమ్మన్నాడు. కొట్టిన చెరకు చేలో పడి ఉంటే ఎండిపోతుంది, బరువు తగ్గుతుంది. అందుకని తెల్లారకముందే బండి కట్టింది.

గేటు గుమాస్తా ఈరయ్య పట్టీ తిరగేశాడు. మంచివాడే. రెండుసార్లు చూశాడు.

"అవ్వా, నీ పేరు లేదు."

"లేకపోవుడేంది? పోయినేడు ఉండె. అంతకుముందేడు ఉండె."

"కంప్యూటర్ల లేదవ్వా. నేనేం జేస్త? బండి పక్కకు తియ్యి, ఎనక బండ్లున్నయ్."

బస్వమ్మ కాసేపు అతని మొహం కేసి, పట్టీ కేసి చూసింది. తర్వాత బండి దిగి, ఎడ్ల పగ్గం పట్టుకుని, సరిగ్గా గేటు మధ్యలోకి నడిపించి అడ్డంగా తిప్పింది. కాడి దించి ఎడ్లను విడిచింది. వాటిని గేటు పక్కనున్న కంపచెట్టుకు కట్టేసి, బండి కింద నీడలో కూర్చుంది.

"ఓ అవ్వా! ఏం జేస్తున్నవ్? లెవ్వు, లెవ్వు!" అన్నాడు ఈరయ్య.

"నేను లేనంటివి కద. లేని మనిషిని ఎట్ల లేపుతవు?"

వెనక బండ్లవాళ్ళు మొదట నవ్వారు, తర్వాత తిట్టారు, ఆ తర్వాత వాళ్ళూ దిగి చుట్ట ముట్టించుకున్నారు. ఎండ ముదిరేసరికి చెరకు బండ్లు, ట్రాక్టర్లు గేటు నుంచి బొంబాయి రోడ్డు దాకా నిలబడిపోయాయి. లారీలవాళ్ళు హారన్లు కొడుతున్నారు. ఏసీ గదిలో కూడా ఆ మోత వినపడింది. నఫీసా లేచి బయటికి వచ్చింది.

జగన్‌మోహన్ అప్పటికే గేటు దగ్గర ఉన్నాడు. ఆమెను చూడగానే పక్కకు పిలిచాడు. "ఆమె పేరు మీద చేత్తోని ఒక చిట్టీ రాసియ్యి. సంతకం నేను పెడ్త. లోపటికి పోతది, లొల్లి ఆగుతది."

"మిగిలినోళ్ళు సార్?"

"వచ్చినోళ్ళకు వచ్చినట్టు ఇద్దాం. ఎవలకీ చెప్పాల్సిన పని లేదు."

ఉద్యోగం పోతే హైదరాబాద్‌లో ఇంకొకటి దొరుకుతుందో లేదో నఫీసాకు తెలియదు. తల్లి కుట్టు మిషన్ మీద ఎన్నాళ్ళని బతుకుతారు? ఇదంతా ఒక్క క్షణంలో తలలో తిరిగింది. తిరిగినా, ఆ చిట్టీ రాయడానికి మాత్రం చేయి రాలేదు. ఒక్క చిట్టీ రాస్తే, తను క్యాంటీన్‌కు పోయిన రోజు జగన్‌మోహన్ మార్చిన లైన్లను ఈసారి తనే మార్చినట్టవుతుంది.

ఆమె బండి దగ్గరికి పోయి, దుపట్టా సర్దుకుని, బస్వమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అవ్వా, నీ పేరు మా మిషన్ల పోయింది. నీదొక్కదానిదే కాదు, నాలుగు వందల పైన మందివి పోయినయ్." ఆమె గొంతు ఇంకొంచెం పెంచింది. "తెల్వని అక్షరం వస్తే ఆగి అడగమని నేను రాసిన. ఆగకుండ జేసిన్రు. ఎవలెవలివి తెల్వలేదో వాళ్ళందర్నీ ఇడిసిపెట్టి పోయింది."

కోహీర్ నుంచి వచ్చిన చెన్నబసప్ప అనే ట్రాక్టరాయన ముందుకు వచ్చాడు. "మా తమ్మునికి రాలేదు పర్మిట్. వచ్చే వారం వస్తది తియ్ అనుకున్నం. గిందుకా?"

"మా ఊర్ల ముగ్గురికి రాలే," అన్నాడు వెనకనుంచి ఇంకొకతను.

"నఫీసా!" అన్నాడు జగన్‌మోహన్. ఆయన మొహంలో నెత్తురు లేదు. "ఆఫీసు ముచ్చట బయట చెప్తవా? నీ నౌకరీ..."

"పోతది సార్. తెల్సు."

బస్వమ్మ వాళ్ళిద్దరి మాటలూ పట్టించుకోలేదు. "నా పేరుల ఏ అక్షరం తెల్వలే బిడ్డా?" అని అడిగింది.

"స కింద ఒత్తు అవ్వా. వ నా, య నా అని."

"వ. బస్వమ్మ. బసవన్న పేరు." ఆమె ఆశ్చర్యంగా చూసింది. "గింతేనా? అడిగితే చెప్పకపోదునా?"

జగన్‌మోహన్ తనే చిట్టీ రాసి, సంతకం పెట్టి, వంగి బస్వమ్మకు అందించాడు. ఆమె తీసుకోలేదు.

"మా పక్క చేను సుగుణమ్మది. ఆమె చెరుకు కూడ కొట్టి పడున్నది. ఆమెకు రాలే. నాకొక్కదానికి చిట్టీ ఇస్తే ఎడ్లు కట్టుకోని లోపటికి పోత అనుకున్నవా?"

"సుగుణమ్మకు కూడ ఇస్త."

"ఇంకా ఉన్నరటగ. గామె చెప్తున్నది."

అప్పుడు గానుగ దగ్గరనుంచి ఒక మనిషి పరుగున వచ్చాడు. చెరకు వేసే చోటు ఖాళీ అయిపోతోంది, ఇంకో గంట చూసి మిల్లు ఆపేయాల్సి వస్తుంది, ఆపితే మళ్ళీ వేడెక్కించడానికి రోజంతా పడుతుంది అని ఇంజినీరు చెప్పి పంపాడు. అతని వెనకే జనరల్ మేనేజర్ వచ్చాడు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఆయన బండిని చూశాడు, రోడ్డు దాకా ఉన్న వరసను చూశాడు, నేల మీద కూర్చున్న నఫీసాను చూశాడు.

"ఏం జేస్తె కదుల్తరు వీళ్ళు?" అన్నాడు.

నఫీసా లేచి నిలబడింది. "గేటు కాడ మేజా వెయ్యిండ్రి సార్. నేను కూసుంట. పట్టీల పేరు లేనోళ్ళు వస్తే అడుగుత, రాస్కుంట, లోపటికి పోనియ్యాలె. బండి రానోళ్ళ ఊర్లకు జీపు ఇయ్యిండ్రి. ప్రోగ్రాం ముందు ఎట్ల రాసిన్నో మళ్ళ గట్లనే పెడ్త. తెల్వని అక్షరం వస్తే ఆగుతది. అందరివీ తేలేదాక ఇంకో పర్మిట్ అచ్చు కొట్టొద్దు."

"అచ్చు ఆపుతవా? చైర్మన్ అడిగితే?"

"అడుగుతున్నం అని చెప్పుండ్రి సార్. అడుగుడు తప్పు కాదు."

జనరల్ మేనేజర్ జగన్‌మోహన్ కేసి చూశాడు. జగన్‌మోహన్ నేల చూపులు చూస్తున్నాడు. గానుగ వైపునుంచి ఇంకో మనిషి వస్తున్నాడు. "సరే, వెయ్యిండ్రి మేజా," అన్నాడు జనరల్ మేనేజర్.

బస్వమ్మ అప్పుడు కూడా వెంటనే లేవలేదు. మేజా వచ్చింది, కుర్చీ వచ్చింది. నఫీసా మొదటి పేరు రాసింది. బస్వమ్మకు చదువు రాదు. ఈరయ్యను పిలిచి, అక్కడ ఏం రాసి ఉందో బయటికి చదవమంది. అతను చదివాడు. అప్పుడు ఎడ్లను విప్పుకొచ్చి కాడి కట్టి, బండిని కాంటా మీదికి నడిపించింది.

ఆ తర్వాత నఫీసా ఏసీ గదిలో కూర్చున్నది తక్కువ. పగలంతా గేటు దగ్గర. అక్కడ రద్దీ తగ్గిన రోజున జీపులో కోహీర్ దిక్కు, రాయికోడ్ దిక్కు. ఊరికి పోయి, పేరు సగం చెప్పి, మిగతా సగం వాళ్ళ నోట వినడం. తాను మల్లమ్మ అని ఒట్టేసి చెప్పగలిగిన పేరు మల్కమ్మ అని తేలింది. ఆ రాత్రి ఇంట్లో అది తలుచుకుని, ఒకవేళ తనే తోచిన అక్షరం పెట్టి ఉంటే ఏమయ్యేదో అనుకుంది. మొదట్లో తనకూ అలా చేద్దామనిపించిన మాట నిజం.

నాలుగో రోజు మధ్యాహ్నం జగన్‌మోహన్ గేటు దగ్గరికి వచ్చి, ఇంకో కుర్చీ వేయించుకుని, కలం తీశాడు. ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. వచ్చినవాళ్ళను మాత్రం, "జర మెల్లగ చెప్పు పెద్దమనిషీ, ఏ ఒత్తు?" అని అడుగుతూ సాయంత్రం దాకా రాశాడు. ఆయన అక్షరం ముత్యాల్లా ఉంటుందని నఫీసా అప్పుడే చూసింది.

పేర్లన్నీ తేలాక ప్రోగ్రాం మళ్ళీ మొదలుపెట్టారు. ఒకచోట ఆగింది. రాసుకున్నది చూసి నఫీసా సరిచేసింది. ఇంకోచోట ఆగింది. అదీ సరిచేసింది. ప్రోగ్రాం చివరిదాకా పోయింది. లోపలికి పోయినవాళ్ళు ఎంతమందో బయటికి వచ్చినవాళ్ళూ అంతమందే. ఈసారి ఎవరూ పేడాలు పంచలేదు.

గానుగ సగంలో ఉండగా ఆమెకు మెమో వచ్చింది. పై అధికారి చెప్పిన పని చేయలేదని, ఆఫీసు సంగతులు బయటివాళ్ళ ముందు మాట్లాడిందని, సంజాయిషీ ఇమ్మని. హబీబున్నీసా ఆ కాగితం చదివించుకుని భయపడింది. నఫీసా మర్నాడే జవాబు రాసి తీసుకుపోయింది.

జనరల్ మేనేజర్ చదివాడు. చదివి, కాగితం ఆమె వైపు జరిపాడు. "అన్నీ బాగనే రాసినవమ్మా. కింద ఒక్క మాట చేర్చు. తెల్వక చేసిన, మళ్ళ చెయ్య అని. దీన్ని ఇక్కడికి మూసేస్త."

"తెల్సే చేసిన సార్."

"తెల్సే చేసినవని నాకూ తెల్సు. కాగితం మీది మాట అడుగుతున్న."

"కాగితం మీదనే వద్దు సార్."

"మళ్ళ గట్లనే అయితె ఏం జేస్తవు?"

"మళ్ళ చెప్త సార్. ముందు మీకు చెప్త. మీరు ఇనకపోతె గేటు కాడికి పోత."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, పైన తిరుగుతున్న ఫ్యాన్ కేసి చూశాడు. కోపం వచ్చిందో నవ్వు వచ్చిందో నఫీసాకు అర్థం కాలేదు. చివరికి ఆ కాగితాన్ని ఉన్నదున్నట్టే ఫైల్లో పెట్టి, ప్రొబేషన్ ఇంకో ఏడాది పొడిగిస్తున్నట్టు రాసి సంతకం చేశాడు. జీతం పెరగదు, ఉద్యోగం ఖాయం కాదు, తీసేయడమూ లేదు.

బయట వరండాలో జగన్‌మోహన్ నిలబడి ఉన్నాడు. "రాసినవా ఆ ఒక్క మాట?" అన్నాడు.

"లేదు సార్."

"మొండి పిల్లవు," అని, "టీ తాగుతవా?" అని అడిగాడు.

"తాగుత సార్," అంది నఫీసా. ఇద్దరూ క్యాంటీన్ వైపు నడిచారు. చిరాగ్‌పల్లి నుంచి వచ్చిన చెరకు ట్రాక్టర్లు గేటు దగ్గర వరసగా నిలబడి ఉన్నాయి. ఈరయ్య ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తున్నాడు.